మాట వచ్చింది, లెక్క రాలేదు

సినిమా గురించో వార్తల గురించో మనం నోరు విప్పితే రెండో మాటకో మూడో మాటకో ఇంగ్లీషు దొర్లుతుంది. ఓపెనింగ్స్, గ్రాస్, టీజర్, బ్రేకింగ్ న్యూస్, లైవ్, క్లీన్‌చిట్, ఎగ్జిట్ పోల్. ఇవి లేకుండా ఒక్క పూట గడవదు. భాషాభిమానులు దీనికి బాధపడతారు. ఇంగ్లీషు నేర్పే మాస్టార్లు ఇవే మాటల్ని జాబితాలుగా రాయించి, ఎదురుగా తెలుగు అర్థం పెట్టి, బట్టీ పట్టిస్తారు. ఈ ఇద్దరూ ఒకే చోట పొరబడుతున్నారని నా వాదన. మాట రావడమే నష్టమని ఒకరు అనుకుంటే, మాట వచ్చేస్తే పని అయిపోయిందని మరొకరు అనుకుంటున్నారు. నిజానికి మాట రావడం వల్ల తెలుగుకు పోయిందేమీ లేదు. పుట్టిన చోట ఆ మాటను ఒక లెక్కతో వాడతారు. ఎంతవరకు అనవచ్చు, ఎప్పుడు అనవచ్చు, ఎవరి పూచీ మీద అనవచ్చు అన్నది ఆ లెక్క. మాట వచ్చి ఆ లెక్క రాకపోతే వినేవాడు మోసపోతాడు.

ముందు నష్టం లేని వైపు చూద్దాం. షూటింగు మాటలు దాదాపు అన్నీ బయటి నుంచి వచ్చినవే. 1932లో హెచ్.ఎం.రెడ్డి భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ యంత్రాలు దిగుమతి సరుకు, వాటితో పాటే పేర్లూ దిగాయి. కాల్‌షీట్, క్లాప్, ట్రాలీ, టేక్, కట్, డబ్బింగ్, ప్యాకప్ అన్న మాటలకు అర్థం చెప్పమని లైట్‌బాయ్‌ని ఎవరూ అడగక్కర్లేదు. పట్టాల మీద తోసేది ట్రాలీ, పైకి లేచేది క్రేన్. ఒకటి అడిగితే ఇంకొకటి తెస్తే ఆ నిమిషంలోనే తిట్లు పడతాయి కాబట్టి అర్థం చెదిరే వీలు లేదు. షూటింగు మొదలవడానికి కొబ్బరికాయ, పూర్తవడానికి గుమ్మడికాయ మాత్రం మనవే. "గుమ్మడికాయ కొట్టేశారు" అంటే చిత్రీకరణ అయిపోయిందని పరిశ్రమలో ఎవరికైనా తెలుసు. ఇంగ్లీషు మాటా తెలుగు మాటా ఒకే యూనిట్‌లో పక్కపక్కనే పనిచేస్తున్నాయి, ఒకదాని వల్ల ఇంకొకటి చావలేదు.

అర్థం మారినా పనికి అడ్డురాని సందర్భాలున్నాయి. రీరికార్డింగ్ అనే మాటే తీసుకోండి. హాలీవుడ్‌లో ఆ మాటకు అర్థం సంభాషణలనూ సంగీతాన్నీ ఇతర శబ్దాలనూ వేర్వేరు ట్రాకుల నుంచి కలిపి తుది ధ్వనిని తయారుచేయడం. మద్రాసులోనూ హైదరాబాదులోనూ రీరికార్డింగ్, పొట్టిగా ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం. పాటలు అంతంతమాత్రమే గానీ ఆర్ఆర్ అదరగొట్టాడు అని ఎవరైనా అంటే అది సంగీత దర్శకుడికి దక్కే మెచ్చుకోలు. ఇక్కడి పరిశ్రమంతా ఆ మారిన అర్థం మీదే నిలబడింది కాబట్టి ఎవరికీ చిక్కులేదు. ఫుటేజీ కథ ఇంకా విచిత్రం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రీలుకు పదకొండు నిమిషాలు. ఫిల్మును అడుగుల్లో కొలిచే రోజుల్లో పుట్టిన మాట అది. ఇప్పుడు కెమెరాలో ఫిల్మూ లేదు, అడుగులూ లేవు. అయినా వీధిలో గొలుసు దొంగతనం జరిగితే చదువురాని పెద్దావిడ కూడా ముందు సీసీ ఫుటేజీ చూడమంటుంది. ఆవిడకు ఆ మాట పరాయిదని చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు, ఆ అవసరమూ లేదు.

పంపిణీ వ్యాపారంలో ఇంకో మాట ఉంది, సీడెడ్. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు అది. మనం దత్త మండలాలన్నాం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు సూచించారు, సీమ జనం దాన్ని గుండెకు హత్తుకున్నారు. సినిమా లెక్కల్లో మాత్రం నేటికీ నైజాం, సీడెడ్ అనే రాస్తారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న అర్థం అందులో దాగి ఉంది కాబట్టి సీమవాసికి అది గుచ్చుకుంటే న్యాయమే. పరిశ్రమ ఆ పేరు మార్చుకుంటే సంతోషిస్తాను. కానీ ఆ మాట మీద ఎవరూ ఎవరినీ మోసం చేయలేరు. సీడెడ్ హక్కులు కొన్న బయ్యర్‌కు ఏయే ఊళ్ల థియేటర్లు తన కిందికి వస్తాయో కచ్చితంగా తెలుసు.

మోసం మొదలయ్యేది వస్తువుల పేర్ల దగ్గర కాదు, ఎవరో చేసే ప్రకటన దగ్గర. వసూళ్ల మాటలు తీసుకుందాం. 236 రూపాయల టికెట్టు ఒకటి తెగిందనుకోండి. ఆ 236 గ్రాస్. అందులో 36 రూపాయలు పద్దెనిమిది శాతం జీఎస్టీ. అది పోగా మిగిలిన 200 నెట్. ఆ 200లో థియేటర్ తన భాగం తీసుకుంటుంది. సింగిల్ స్క్రీన్ అయితే అద్దె రూపంలో, మల్టీప్లెక్స్ అయితే శాతం రూపంలో. సగమే అనుకుందాం. అప్పుడు పంపిణీదారు చేతికొచ్చేది వంద. అదీ షేర్. సినిమా హక్కులు కొన్నవాడు బయటపడ్డాడా మునిగాడా అన్నది తేల్చేది ఈ వంద ఒక్కటే. పోస్టర్ మీద కనిపించేది మాత్రం 236 రూపాయలకు సంబంధించిన అంకె. గ్రాస్ అన్న మాట పోస్టర్ మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. రెండు వందల కోట్ల సినిమా అని చదివినవాడు నిర్మాతకు రెండు వందల కోట్లు వచ్చాయనుకుంటాడు. అందులో సగానికి సగం కూడా నిర్మాత వైపు చేరి ఉండకపోవచ్చు. బయ్యర్లు నష్టపోయామని వాపోయిన సినిమాకే విజయోత్సవ సభ జరగడం వెనుక ఉన్న గుట్టు ఇదే.

పోస్టర్ ప్రచారమని అందరికీ తెలుసు కదా, దాన్ని ఎవరు నమ్ముతారు అని కొందరంటారు. అభిమాని నమ్మినా నమ్మకపోయినా ఫర్వాలేదు, నిజమే. కానీ టికెట్టు ధర పెంచమని పరిశ్రమ ప్రభుత్వాన్ని అడిగినప్పుడు, తగ్గించమని ప్రేక్షకుడు అడిగినప్పుడు వాదన ఈ అంకెల మీదే నడుస్తుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ధరల మీద 35వ నంబరు జీవో వచ్చినప్పుడూ, 2022 మార్చిలో దాన్ని సవరించినప్పుడూ నెలల తరబడి టీవీ చర్చలు సాగాయి. అలాంటి చర్చలో గ్రాస్ చేతబట్టుకుని, ఇంత సంపాదిస్తూ ఇంకా ధర పెంచమంటారా అనేవాడూ తప్పులోనే ఉంటాడు, షేర్‌ను దాచిపెట్టి మాకేమీ మిగల్లేదు అనేవాడూ తప్పులోనే ఉంటాడు. అమెరికాలో ఆడే తెలుగు సినిమా వసూళ్లు కామ్‌స్కోర్ లాంటి సంస్థ దగ్గర నమోదవుతాయి కాబట్టి అక్కడి ప్రీమియర్ల అంకెల్ని పెంచి చెప్పడం కష్టం. ఇక్కడ అందరూ ఒప్పుకునే లెక్క ఒకటి లేదు. లెక్క లేని చోటే మాట జాగ్రత్తగా వాడాలి, మనం సరిగ్గా అక్కడే దాన్ని వదులుగా వాడుతున్నాం.

ఆస్కార్ సంబరంలోనూ ఇదే జరిగింది. ఆర్ఆర్ఆర్ సినిమాలోని నాటు నాటు పాట గెలుపు తెలుగువాళ్లందరికీ గర్వకారణం. అందుకే దాని మెట్లు ఒక్కొక్కటిగా చెప్పుకుంటే ఆ గెలుపు ఎంత పెద్దదో మరింత బాగా తెలుస్తుంది. అమెరికాలో అకాడమీ పేర్కొన్న ఆరు మహానగర ప్రాంతాల్లో ఏదో ఒక చోట వారం రోజులు ఆడి, దరఖాస్తు నిబంధనలు పూర్తిచేసిన సినిమా అర్హత జాబితాకెక్కుతుంది. 2023 జనవరిలో ఆ జాబితాలో 301 సినిమాలున్నాయి. అందులో పేరుండటమంటే పోటీకి అనర్హం కాదని మాత్రమే. అయినా ఆ జాబితా వచ్చిన రోజున మన దేశంలో చాలా చోట్ల అదేదో తుది పోరుకు ఎంపికైనట్టు రాశారు, చదివారు. షార్ట్‌లిస్ట్ వేరు. పాటల విభాగంలో అది 15 పాటలకు కుదించిన జాబితా, నాటు నాటు అందులోకి వచ్చింది 2022 డిసెంబరులో. నామినేషన్ ఇంకా పై మెట్టు, అక్కడికి చేరేవి ఐదే, 2023 జనవరి 24న అది దక్కింది. మార్చి 12 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో పురస్కారం వచ్చింది. ఆ విభాగం పేరులోని ఒరిజినల్ అన్న మాటకు ఆ సినిమా కోసమే కొత్తగా కట్టిన పాట అని అర్థం. ప్రతిమలు అందుకున్నది స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ ఏడాది భారతదేశం తరఫున అధికారిక ఎంట్రీగా వెళ్లింది ఆర్ఆర్ఆర్ కాదు, గుజరాతీ సినిమా ఛెల్లో షో. అది అంతర్జాతీయ చిత్రాల విభాగంలో షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లి ఆగింది. ఎంట్రీ, అర్హత, షార్ట్‌లిస్ట్, నామినేషన్, గెలుపు. మన శీర్షికలు ఈ ఐదింటినీ కలిపి "ఆస్కార్ బరిలో" అన్న ఒక్క మాటతో సరిపెట్టాయి. మూడు వందల పైచిలుకు సినిమాలున్న జాబితాలో పేరుండటమూ ఐదింటిలో ఒకటిగా నిలవడమూ ఒకటే అయిపోతే, చివరి మెట్టు ఎక్కినవాళ్ల కష్టానికి విలువేముంది?

సినిమాలో ఈ గందరగోళం వల్ల పోయేది డబ్బూ పేరూ. వార్తల్లో అయితే మనిషి పరువే పోతుంది. ఒకరి మీద ఫిర్యాదు వస్తుంది, ఎఫ్ఐఆర్ నమోదవుతుంది, అరెస్టు జరగొచ్చు, దర్యాప్తు ముగిశాక ఛార్జిషీటు పడుతుంది, కోర్టు అభియోగాలు ఖరారు చేస్తుంది, సాక్షుల్ని వింటుంది, అప్పుడు శిక్షో విడుదలో తేలుతుంది. ఏళ్లు పట్టే ప్రయాణమిది. ఇంగ్లీషు పత్రికా భాషలో ప్రతి మజిలీకీ ఒక మాట ఉంది, ఒకదాని చోట ఇంకొకటి వేస్తే డెస్కులో పెద్దవాళ్లు ఊరుకోరు. తెలుగులోనూ అనుమానితుడు, నిందితుడు, దోషి అనే మూడు చక్కని మాటలున్నాయి. అయినా పోలీసులు నిందితుడికి ముసుగు తొడిగి విలేకరుల ముందు నిలబెట్టిన రోజునే "ఘరానా దొంగ అరెస్టు" అన్న శీర్షిక వచ్చేస్తుంది. దొంగో కాదో తేల్చాల్సిన కోర్టు గుమ్మం అతను అప్పటికి ఎక్కి కూడా ఉండడు.

ఇంకొన్ని చోట్ల తెలుగు మాటే చాలడం లేదు, దాన్నీ ఒప్పుకుందాం. విచారణ అన్న మాట చూడండి. పోలీసులు స్టేషన్‌కు పిలిచి ప్రశ్నలడిగినా విచారణే, శాఖాపరంగా పై అధికారి ఆరా తీసినా విచారణే, కోర్టులో వాయిదా నాడు వాదనలు విన్నా విచారణే. శిక్ష పడకుండా జైల్లో ఉన్నవాడు విచారణ ఖైదీ. "ఫలానా నాయకుడిపై విచారణ" అని వింటే వీటిలో ఏదో వినేవాడికి ఎలా తెలుస్తుంది? కొట్టివేత కూడా అంతే. హైకోర్టు ఎఫ్ఐఆర్‌నే రద్దుచేసినా, అభియోగాలు మోపేంత ఆధారం లేదని కింది కోర్టు మధ్యలోనే వదిలేసినా, సాక్ష్యాలన్నీ విని నిర్దోషి అని తేల్చినా "కేసు కొట్టివేత" అనే రాస్తున్నాం. ఈ ఇబ్బంది దాటడానికి తెచ్చుకున్న క్లీన్‌చిట్ ఇంకా అన్యాయం చేసింది. దర్యాప్తు సంస్థ ఆధారాలు దొరకలేదని తుది నివేదిక ఇచ్చినా క్లీన్‌చిట్ అంటున్నాం. ఆ నివేదికను కోర్టు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోవచ్చు కూడా. ఒప్పుకోనప్పుడు, నిన్న క్లీన్‌చిట్ వచ్చినవాడి మీద ఇవాళ మళ్లీ కేసు ఏమిటని జనం అడుగుతారు. మాట తేలిగ్గా వాడినవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పరు.

ఇక్కడే భాషాభిమానులు లేచి, ఇంగ్లీషు వదిలేసి అన్నిటికీ తెలుగు మాటలు కట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది కదా అంటారు. కట్టుకున్నాం. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికను మొదలుపెట్టిన కాలం నుంచి ఇప్పటిదాకా తెలుగు పత్రికలు బోలెడు మాటలు చేశాయి. విలేకరి, సంపాదకీయం, పతాక శీర్షిక, ముఖాముఖి అన్నవి నిలబడ్డాయి. సినిమా టైటిల్ కార్డుల్లో కూర్పు, ఛాయాగ్రహణం అని అందంగా వేసేవారు. ఎడిటింగ్ గదిలో మాత్రం ఎవరూ కూర్పు అనలేదు. బుద్ధిపూర్వకంగా చేసిన మాట బతకాలంటే పనివాళ్ల నోట్లో పడాలి. అయితే అది కూడా నా ప్రధాన వాదనకు పక్క విషయమే. విచారణ అచ్చమైన వాడుక మాట, క్లీన్‌చిట్ ఇంగ్లీషు మాట, రెండూ ఒకే తప్పు చేయిస్తున్నాయి. తెలుగు మాటైనంత మాత్రాన దానికి కచ్చితత్వం రాదు. అది వాడేవాళ్లు పట్టుబట్టి నిలబెట్టుకోవాల్సినది.

ఇంగ్లీషు చానళ్లు మాత్రం తక్కువ తిన్నాయా, అక్కడా రోజంతా బ్రేకింగ్ న్యూసే కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఒప్పుకుంటాను. తెర మీద అరుపులకు భాషతో నిమిత్తం లేదు. అయితే ఆ భాషలో తప్పు చేసినవాడికి తప్పు చూపించడానికి బయట ఒక కొలబద్ద ఉంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి పుస్తకాన్ని 1953 నుంచి బయటివాళ్లకూ అందుబాటులో ఉంచింది. నిందితుడిని ఏమని రాయాలి, ఆరోపణ అన్న మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నవి అందులో ఉంటాయి. పాఠకుడు కూడా కొని చదువుకోవచ్చు. తెలుగులో బూదరాజు రాధాకృష్ణ లాంటివారు జీవితమంతా పత్రికల మాటల వాడుక మీద పనిచేశారు, పుస్తకాలు రాశారు, విలేకరులకు పాఠం చెప్పారు. వారు చూపిన దారి ఉంది. అన్ని పత్రికలూ, అన్ని చానళ్లూ కలిసి ఒప్పుకుని జనం ముందు పెట్టిన నియమావళి మాత్రం రావాల్సే ఉంది.

టీవీలో క్షణాల మీద చెప్పాలి, ఇన్ని తేడాలు పాటించే తీరిక ఎక్కడిది అనేవారికి తెలుగు వ్యాకరణమే జవాబు చెబుతుంది. స్వయంగా చూడని, ఇంకొకరి నోట విన్న సంగతి చెప్పేటప్పుడు మన భాష క్రియ చివర ఒక చిన్న గుర్తు పెడుతుంది. వచ్చాడు అంటే నాకు తెలుసు, వచ్చాడట అంటే ఎవరో చెప్పారు. నాలుగేళ్ల పిల్ల కూడా ఈ తేడా తప్పకుండా మాట్లాడుతుంది. ఇంగ్లీషువాళ్లు పెద్ద పెద్ద క్రియావిశేషణాలు తెచ్చి పూర్తిచేసే పనిని తెలుగు ఒక్క అక్షరంతో చేస్తుంది. దాన్ని గ్రామ్యమనో చులకన అనో వార్తల భాష పక్కన పెట్టి, తెలుస్తోంది, సమాచారం, భోగట్టా, విశ్వసనీయ వర్గాల కథనం అన్నవి తెచ్చుకుంది. తెలుస్తోంది అంటే ఎవరికి? ఎలా? చెప్పినవాడు ఆ మాట చాటున మాయమైపోతాడు. హీరో పారితోషికం గురించి రాసే సినిమా కబుర్ల పేజీలో మాత్రం "పెంచేశాడట" అనే ఉంటుంది. చూస్తే కబుర్ల పేజీయే విన్నదాన్ని విన్నట్టు చెబుతోంది, మొదటి పేజీ విన్నదాన్ని తెలిసినట్టు చెబుతోంది. వార్తలో ప్రతి వాక్యానికీ అట తగిలించమని నేననడం లేదు, అది చదవలేం. ఆ అక్షరం అడిగే ప్రశ్నను, అంటే ఇది నీకెలా తెలుసు అన్నదాన్ని, రాసే ప్రతివాడూ తనకు తాను వేసుకుని జవాబును వాక్యంలో పెట్టాలంటున్నాను.

రేడియోకు ఈ పని ఇంకా ముఖ్యం. 1948లో విజయవాడ కేంద్రం మొదలైన నాటి నుంచి నేటి వరకు ఇక్కడ చదివేదంతా చెవికే. పత్రికలో ఆరోపణకు కొటేషన్ గుర్తులు వేయవచ్చు, శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టవచ్చు. చెవికి ఆ గుర్తులు వినపడవు. పైగా తెలుగు వాక్యంలో "అని పోలీసులు తెలిపారు" అన్నది చివర వస్తుంది. ఫలానా ఊళ్లో ఫలానా వ్యక్తి డబ్బు కోసం బంధువును చంపాడు అన్న ఎనిమిది మాటలు వినేసరికి శ్రోత మనసులో నేరం ఖాయమైపోతుంది, తర్వాత వచ్చే ఆ మూడు మాటలూ కూర దించే వేళ పొయ్యి దగ్గర ఉన్నవారి చెవిన పడకపోవచ్చు. ఇంగ్లీషు మాటలు నేర్పే తరగతిలో జాబితా పక్కన పెట్టి ఈ ఒక్క వాక్యం తీసుకుని, పోలీసుల కథనం ప్రకారం అన్న మాటను ముందుకు జరిపి మళ్లీ రాయమనవచ్చు. హంతకుడు అన్న చోట నిందితుడు అని వేయమనవచ్చు. క్లీన్‌చిట్ కనపడితే ఇచ్చింది పోలీసులా, కింది కోర్టా, హైకోర్టా అని అడిగి, ఆ పేరే వాక్యంలో రాయమనవచ్చు. వంద కోట్లు కనపడితే గ్రాసా షేరా అని అడగవచ్చు. ఈ ప్రశ్నలకు డిగ్రీ విద్యార్థి ఒక గంటలో జవాబులు వెతుక్కోగలడు. న్యూస్ డెస్కులో కూర్చున్నవారికి అంత సమయం కూడా అక్కర్లేదు, జవాబులు వాళ్ల ముందున్న కాగితంలోనే ఉంటాయి.